పిస్తోలు పెట్టెలో చాప్‌స్టిక్‌లు

మా మేనత్త కాకినాడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరి, సూపర్‌వైజరుగా రిటైరైంది. తుఫాను వచ్చి ఊరు ఊరంతా చీకటైపోతే, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని మోకాలి లోతు నీళ్ళలో డ్యూటీకి వెళ్ళి, గాలివాన తగ్గేదాకా ఇంటిముఖం చూడకుండా బోర్డు ముందు కూర్చున్న మనిషి. ఆవిడ పోయాక పెద్దకర్మ భోజనాల దగ్గర చుట్టాలందరూ ఆవిడని తలుచుకున్నారు. ఎందుకు తలుచుకున్నారయ్యా అంటే గుత్తివంకాయ కూర కోసం. "ఆ చెయ్యి పడితే చాలు, ఆ రుచే వేరు" అని ఒకరు, "మసాలా ఆవిడే నూరాలి" అని ఇంకొకరు. తుఫాను మాట ఒక్కరి నోటా రాలేదు. నేను ఒళ్ళు మండి లేవబోతే మా అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, "తిను ముందు" అంది. తిన్నాను.

ఆ రోజు మింగేసిన మాట నాకు ఇప్పటికీ అరగలేదు. ఇక్కడ చెప్పబోయేది మా మేనత్త సంగతి కాదు, సింగపూర్‌లో మా పక్క ఫ్లాట్ ఆంటీ వాళ్ళ అమ్మ సంగతి. కానీ నలుగురిలో నేను మైకు ఎందుకు వదల్లేదో మీకు తెలియాలంటే గుత్తివంకాయ దగ్గరే మొదలుపెట్టాలి.

మేం ఉండేది బూన్ లేలో, సింగపూర్‌కి పడమటి కొసన. నా ఆఫీసు తూర్పు కొసన చాంగీ బిజినెస్ పార్క్‌లో, ఒక బ్యాంకువాళ్ళ లెక్కలు సరిచూసే పని. రోజూ పొద్దున్నే ఈ కొస నుంచి ఆ కొసకి రైలు, సాయంత్రం ఆ కొస నుంచి ఈ కొసకి. "ఇంతకన్నా దూరం వెళ్ళాలంటే పాస్‌పోర్టు కావాలే" అని మా ఆయన వేళాకోళం. ఆఫీసు దగ్గరకి ఇల్లు మారదామని ఆయన ఎన్నిసార్లు అన్నా నేను ఒప్పుకోలేదు. పక్క ఫ్లాట్ ఆంటీని వదిలి రానంటే నవ్వుతారు గానీ, కారణం మాత్రం అదే.

ఆంటీ చైనీస్ ఆవిడ. డెబ్భై అయిదు దాటింది, ఒక్కతే ఉంటుంది. మేం దిగిన వారంలోనే మా చెప్పుల స్టాండు కారిడార్‌కి అడ్డంగా ఉందని గ్రిల్ గేటు పట్టుకుని కేకలేసింది. ఆవిడ మొక్కల కుండీలు అంతకన్నా అడ్డంగా ఉన్నాయని నేనూ కేకలేశాను. రెండు నోళ్ళూ సమానమేనని తేలాక స్నేహం కుదిరింది. నన్ను 'ఆ గర్ల్' అంటుంది, మనం 'అమ్మాయీ' అన్నట్టు. యాభైకి దగ్గరపడ్డ నన్ను గర్ల్ అనే మనిషి ఈ భూమ్మీద ఇంకెవరున్నారు? ఆవిడ ఇంగ్లీషులో వాక్యం అంటూ ఉండదు, మాటలుంటాయి, చివర ఒక 'లా' ఉంటుంది. నేనిక్కడ తెలుగులో రాస్తున్నాను గానీ, ఆవిడ నాతో మాట్లాడిందంతా ఆ ఇంగ్లీషులోనే.

ఆవిడ వంటింటి గోడకి ఒక చెక్క పెట్టె వేలాడుతూ ఉండేది. మూరకి కాస్త తక్కువ పొడుగు. ఒక కొస వెడల్పు, ఇంకో కొస సన్నం. వెడల్పు వైపు బందుతో మూత, సన్నటి వైపు చివర ఒక ఇనప ముక్క. మూత తీసి ఉండేది, అందులో గుత్తిగా చాప్‌స్టిక్‌లు. చెక్క నల్లబడి నూనె పట్టి ఉండేది. ఏళ్ళ తరబడి చూశాను, ఒక్కసారి కూడా అదేమిటని అడగలేదు. చాప్‌స్టిక్‌లున్నాయి కనక చాప్‌స్టిక్‌ల పెట్టె అనుకున్నాను.

ఇక్కడ దసరాకి సెలవుండదు. ఒక ఏడు ఆయుధ పూజ నాడు ఇంట్లోంచి పని చేస్తానని చెప్పి, పొద్దున్నే స్నానం చేసి, హాల్లో పీట వేసి అన్నీ సర్దాను. కూరలు తరిగే కత్తి, కత్తెర, మా ఆయన స్క్రూడ్రైవర్లు ఒక పక్క. గరిటె, అట్లకాడ, పప్పుగుత్తి ఒక పక్క. మధ్యలో ఆఫీసు లాప్‌టాప్, దాని మూత మీద గంధం, కుంకుమ బొట్టు. పూజ చేసిన పనిముట్టుని ఆ రోజు ముట్టుకోకూడదని మా అమ్మ చెప్పేది. ఆ సంగతి బ్యాంకుకి ఎవరు చెబుతారు? హారతి ఇస్తుండగానే లాప్‌టాప్ 'టింగు' మంది.

గ్రిల్ గేటు అవతల ఆంటీ నిలబడి చూస్తోంది. "కత్తికి దణ్ణమా?" అంది.

"మనకి తిండి పెట్టేవాటికి, మనల్ని కాపాడేవాటికి ఏడాదికోసారి దణ్ణం పెడతాం ఆంటీ. ఇవాళ వాటికి రెస్టు."

ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి ఆ చెక్క పెట్టెతో వచ్చింది. చాప్‌స్టిక్‌లు తీసేసింది, తడిగుడ్డతో తుడిచింది కూడా. "ఇది కూడా పెట్టు లా" అంది.

నాకు ముచ్చటేసింది. పెట్టె తీసుకుని గంధం రాసి, బొట్టు పెట్టి, గరిటెకీ పప్పుగుత్తికీ మధ్య పెట్టాను. వంటింటి వస్తువు కదా! చేతులు జోడించి తలెత్తేసరికి ఆంటీ మొహంలో నవ్వు లేదు. వంగి, ఆ పెట్టెని అక్కడినుంచి తీసి, కత్తి పక్కన పెట్టింది.

"నువ్వూ అంతేనా" అంది.

ఆ మధ్యాహ్నం ఆవిడ సోఫాలో కూర్చుని అసలు సంగతి విన్నాను. ఆ పెట్టెలో ఒకప్పుడు ఉన్నది పిస్తోలు. జర్మనీలో పుట్టిన రకం, చైనా అంతటా వాడారట. చెక్క పెట్టెలో వస్తుంది కనక వాళ్ళు దాన్ని 'పెట్టె ఫిరంగి' అనేవారట. దూరంగా ఉన్నవాణ్ణి కొట్టాలంటే ఖాళీ పెట్టె కొసనున్న ఇనప ముక్కని పిస్తోలు పిడికి తగిలిస్తారు. అప్పుడు పెట్టే భుజానికి ఆనించుకునే బట్ అవుతుంది. జపాన్ సైన్యం చైనాలో ఉన్న ఆ యుద్ధంలో ఆంటీ వాళ్ళ అమ్మకి దాన్ని ఇచ్చారు. అప్పటికి ఆవిడకి పెళ్ళి కాలేదు. దక్షిణాన సముద్రానికి దగ్గర ఒక పల్లె. ఆ చుట్టుపక్కల కొండల్లో దాక్కుని పోరాడే దళంలో ఆవిడ ఒక మనిషి.

"అంత దూరం నుంచి కొట్టే పని ఎప్పుడూ రాలేదు" అంది ఆంటీ. "మా ఊళ్ళో సందులు ఇంతే." రెండు చేతులూ చాపి సోఫాకీ టీవీకీ మధ్య జాగా చూపించింది.

లేచి నిలబడి టీవీ రిమోట్ చేతిలోకి తీసుకుంది. మామూలుగా మనం సినిమాల్లో చూసినట్టు నిటారుగా పట్టుకుని, "ఇలా పేలిస్తే గొట్టం పైకి ఎగురుతుంది. మొదటి తూటా మనిషికి, తర్వాతవి ఆకాశానికి" అంది. తర్వాత మణికట్టు తిప్పి, అరచెయ్యి నేలవైపు చూసేట్టు రిమోట్‌ని అడ్డంగా పట్టుకుంది. "ఇలా అయితే పైకి కాదు, పక్కకి జరుగుతుంది. సందులో పక్కపక్కన వచ్చేవాళ్ళు ఉంటే..." చెయ్యి ఎడమవైపుకి మెల్లగా జరిపింది. డెబ్భై అయిదు దాటిన ఆ చెయ్యి కొంచెం కూడా వణకలేదు. రోజూ మందుబిళ్ళ అట్ట చింపలేక నన్ను పిలిచే చెయ్యి అదే.

"తూటాలు అయిపోతే?" అన్నాను.

"మళ్ళీ నింపాలంటే రెండు చేతులూ కావాలి, కాస్త సమయం కావాలి. ఎదురుగా మనిషి ఉంటే అదెక్కడ? అందుకే ఉన్నవే ఆచితూచి వాడాలి. అవీ అయిపోతే అదొక ఇనప ముద్ద. దాంతోనే కొట్టడం."

ఒక రోజు పల్లెలో జపాన్ సైనికులు ఇల్లిల్లూ వెతుకుతున్నారు. ఆంటీ వాళ్ళ అమ్మ ఒక ఇంటి తలుపు వెనక ఉంది. లోపలికి వచ్చినవాడి చేతిలో పొడుగాటి తుపాకీ, దాని కొసన బాయ్‌నెట్. ఇరుకు గుమ్మంలో అది అటూ ఇటూ తిరగలేదు. ఎవరైనా వెనక్కి గెంతుతారు. ఆవిడ ముందుకి వెళ్ళింది. బాయ్‌నెట్ దాటి, తుపాకీ గొట్టం దాటి, వాడి ఊపిరి తగిలేంత దగ్గరకి. పిస్తోలు వాడి డొక్కకి ఆనించింది.

"మా అమ్మ ఏం చెప్పేదంటే, పొడుగు తుపాకీ పట్టుకున్నవాడికి దూరం కావాలి. నువ్వు వెనక్కి తగ్గితే వాడికి కావలసింది ఇచ్చినట్టే. దగ్గరకి వెళ్ళిపో."

"భయం వెయ్యలేదా?"

"వేసింది లా! ఆ తర్వాత రెండు రోజులు అన్నం తినలేకపోయింది. చిన్నవాడు, గడ్డం కూడా సరిగా రాలేదు అనేది. కానీ తప్పు చేశానని మాత్రం ఎప్పుడూ అనలేదు. వాడు మా ఇంటికి వచ్చాడు, నేను వాడి ఇంటికి వెళ్ళలేదు అనేది."

యుద్ధం అయ్యాక ఆవిడ పిస్తోలుని దళానికి తిరిగి ఇచ్చేసింది. పెట్టె మాత్రం ఇవ్వలేదు. సింగపూర్‌లో పనిచేసే మనిషితో పెళ్ళి కుదిరి ఓడెక్కినప్పుడు అందులో చాప్‌స్టిక్‌లు నింపి, వంటసామాను మూటలో పెట్టుకుంది. అప్పటి తెల్లదొరల ప్రభుత్వానికి అలాంటి దళాల్లో తిరిగినవాళ్ళంటే అనుమానం. అనుమానం మీదే మనుషుల్ని పట్టుకుని ఓడెక్కించి వెనక్కి పంపేసేవారు. అందుకని భర్త ఇంట్లో ఒక మాట నేర్పించాడు. ఎవరడిగినా ఇది చాప్‌స్టిక్‌ల పెట్టె, యుద్ధంలో ఆవిడ వంట చేసిపెట్టేది. పిల్లలకీ అదే నేర్పాడు. ఆడపిల్లల్లో పెద్దదైన ఆంటీకి మాత్రం వాళ్ళ అమ్మ వంటింట్లో గరిటె చేతికిచ్చి, ఎలా పట్టుకోవాలో చూపించి, నిజం చెప్పింది.

ఇందులో అన్నిటికన్నా నవ్వొచ్చే సంగతి ఏమిటంటే, ఆ మహాతల్లికి వంట రాదు. గంజి కూడా మాడ్చేదట. "మా అమ్మ నిజంగా ఆ దళానికి వండి ఉంటే జపాన్ వాళ్ళు రావక్కర్లేకపోను" అని ఆంటీ పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటూ, "అమ్మ పోయినప్పుడు అందరూ వచ్చారు. సైనికుల కడుపు నింపిన చెయ్యి అన్నారు. నేను శవం పక్కన కూర్చుని విన్నాను. నోరెత్తలేదు. ఇక తెలిసినదాన్ని నేనొక్కదాన్నే" అంది. ఇందాకటి నవ్వు తాలూకు తడి ఏదో, ఇప్పటి ఏడుపు తాలూకు తడి ఏదో నాకు తెలియలేదు. మా మేనత్త పెద్దకర్మ నా కళ్ళముందు తిరిగింది. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకి మా బ్లాక్ కమిటీవాళ్ళు కింద వాయిడ్ డెక్‌లో, అంటే భవనం కింద ఉండే ఖాళీ హాల్లో, ఒక సాయంత్రం ఏర్పాటు చేశారు. ఇంటికొక పాత వస్తువు తెచ్చి దాని కథ చెప్పాలి. ఆంటీ నా దగ్గరకి వచ్చి, "పెట్టె తెస్తాను. నువ్వు చెప్పు. నా ఇంగ్లీషు చాలదు, నీ గొంతు పెద్దది" అంది. మా ఆయన గది లోంచి తొంగిచూసి, "గొంతు సంగతి కారిడార్ కారిడారంతా ఒప్పుకుంటుంది" అన్నారు. నాకు కోపం రాలేదు. అంత మాట నాకు ఎవరూ అప్పగించలేదు అంతకుముందు.

కార్యక్రమం రోజు మధ్యాహ్నం ఆంటీ కొడుకు వచ్చాడు. మంచివాడు, ఆ మాట ముందే చెప్పాలి. వారం తప్పకుండా వస్తాడు, పళ్ళు తెస్తాడు, వాళ్ళమ్మ కాళ్ళ గోళ్ళు తనే కత్తిరిస్తాడు. అందమైన కార్డొకటి అచ్చు వేయించుకొచ్చాడు. యుద్ధకాలంలో సైనికులకి వండిపెట్టిన మా అమ్మమ్మ వాడిన చాప్‌స్టిక్‌ల పెట్టె, అని ఉంది అందులో.

"ఇది నిజం కాదు కదండీ" అన్నాను.

"అమ్మ ఈమధ్య ఏవేవో చెబుతోంది. నిజమే అనుకోండి, కింద చిన్నపిల్లలుంటారు. తుపాకులూ చావులూ ఎందుకు? మా అమ్మమ్మ మనుషుల్ని చంపిందని నేనే మైకులో చెప్పించాలా?"

"మీ తాతయ్య చేసి ఉంటే ఈ కార్డు ఎంత సైజులో వేయించేవారు?"

ఆయన మొహం ఎర్రబడింది. "ఇది మా ఇంటి సంగతి. మీరు పక్కింటివాళ్ళు. పైగా మీకు మా చరిత్ర ఏం తెలుసు?"

నిజమే, నాకేం తెలుసు! నేను చైనా చూడలేదు, ఆ భాష రాదు. కానీ ఆడమనిషి చేసిన పనిని వంటింట్లోకి తోసి తలుపేసే పద్ధతి నాకు బాగా తెలుసు, దానికి ఏ భాషా అక్కర్లేదు. ఆ మాటే అన్నాను. ఆంటీ వైపు తిరిగి, "మీరు చెప్పండి ఆంటీ. వద్దంటే ఇప్పుడే మానేస్తాను" అన్నాను. ఆవిడ కొడుకు మొహం చూసింది, ఒళ్ళో ఉన్న పెట్టె చూసుకుంది. మళ్ళీ ఆ మాట మింగేస్తోందనుకున్నాను.

సాయంత్రం వాయిడ్ డెక్ నిండిపోయింది. ఎవరో కుట్టు మిషను తెచ్చారు, ఎవరో ఇత్తడి చెంబు, ఎవరో వాళ్ళ తాత సైకిలు గంట. అందరూ చప్పట్లు కొట్టారు. మా వంతు వచ్చింది. బల్ల మీద పెట్టె, పక్కన కొడుకు పెట్టిన కార్డు. ఆంటీ మొదటి వరసలో కుర్చీలో కూర్చుని నా వైపే చూస్తోంది. వద్దన్నట్టు తల ఊపలేదు. చెప్పమన్నట్టూ ఊపలేదు. కానీ ఆ పెట్టెలో చాప్‌స్టిక్‌లు లేవు. కొడుకు కార్డు తెచ్చాడు గానీ, ఆవిడ పెట్టెని ఖాళీగా తెచ్చింది. నాకు ఆ జవాబు చాలు.

"ఇది చాప్‌స్టిక్‌ల పెట్టె కాదు" అన్నాను మైకులో. "ఇది పిస్తోలు పెట్టె."

కమిటీ ఆయన ఉలిక్కిపడ్డాడు. ఆంటీ కొడుకు లేచి నా వైపు వచ్చాడు. చెయ్యి చాచి, పళ్ళ బిగువున, "మైకు ఇవ్వండి" అన్నాడు. నా కాలు దానంతటదే ఒక అడుగు వెనక్కి వేసింది. వందమంది చూస్తుండగా ఒక పెద్దమనిషి చెయ్యి చాచి అడిగితే ఇచ్చెయ్యడం మనకి చిన్నప్పటినుంచీ అలవాటు. అప్పుడు గుర్తొచ్చింది, వెనక్కి తగ్గితే వాడికి కావలసింది ఇచ్చినట్టే. వెనక్కి వేసిన కాలు ముందుకి వేశాను. ఇంకో అడుగు కూడా వేశాను. ఆయన ఊహించలేదు. చాచిన చేతికి చోటు లేక తనే పక్కకి జరగాల్సి వచ్చింది. నేను ఆయన్ని దాటుకుని వెళ్ళి మైకు ఆంటీ చేతిలో పెట్టాను.

ఆంటీ రెండో చేత్తో కుర్చీ పట్టుకుని లేచింది. మైకుని నోటి దగ్గర పెట్టుకోవడం ఆవిడకి తెలియలేదు. ఒక్క క్షణం దాన్ని చూసి, మణికట్టు తిప్పి, అడ్డంగా, చెయ్యి చాపి పట్టుకుంది. ఆ మైకు ఎదురుగా కూర్చున్నవాళ్ళ మీదుగా ఒక చివర నుంచి ఇంకో చివరకి మెల్లగా జరిగింది. తర్వాత నోటి దగ్గరకి తెచ్చుకుని, అందరికీ అర్థమయ్యేలా తన ఇంగ్లీషులో చెప్పింది.

"మా అమ్మకి వంట రాదు."

మొదట నవ్వింది ఆవిడ కొడుకే. నవ్వు కాదది, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు ఒక శబ్దం. "గంజి" అన్నాడు, ఎవరితోనో కాదు, తనలో తనే. "ఎప్పుడూ మాడిపోయేది." అన్నాక అక్కడే ఒక స్టూలు మీద కూర్చుండిపోయాడు. చిన్నప్పుడు ఆ మాడు గంజి తిన్నవాడు, వాళ్ళ అమ్మమ్మ ఆ చేత్తో సైనికులకి వండిపెట్టిందంటే ఇన్నేళ్ళు ఎలా నమ్మాడో నాకు తెలియదు. మనకి నేర్పిన మాటని మన నాలుక కూడా కాదనలేదేమో.

ఆంటీ మిగతాదంతా తన భాషలో చెప్పింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, చేతిని బట్టి ఎక్కడుందో తెలుస్తూనే ఉంది. ఇది సందు. ఇది తలుపు. ఇది ముందుకి వేసిన అడుగు. అర్థమైన ముసలివాళ్ళు కొందరు కుర్చీలు దగ్గరకి లాక్కున్నారు. పిల్లలెవరూ భయపడలేదు. చివర్లో ఆవిడ అలిసిపోయి కూర్చుంటే కొడుకు వచ్చి బల్ల మీద కార్డు తీసి జేబులో పెట్టుకుని, తల్లికి మంచినీళ్ళు ఇచ్చాడు. నా వైపు చూడలేదు. ఆ రోజు చూడకపోయినా నాకు బాధ లేదు.

మర్నాడు కమిటీ ఆయన నాకు మెసేజ్ పెట్టాడు, ఇలాంటి విషయాలు ముందే చెప్పాలని, అనుమతులుంటాయని. ముందే చెబితే మీరు వద్దంటారు కదా అని జవాబిచ్చాను. మా ఆయన తల పట్టుకున్నారు. పట్టుకోనీ.

మళ్ళీ దసరా వచ్చింది. ఆంటీకి జలుబు చేసి మంచం దిగలేదు. పీట సర్దుతుంటే గ్రిల్ గేటు చప్పుడైంది. ఆంటీ కొడుకు పెట్టెతో నిలబడ్డాడు, అమ్మ పంపిందని. చెప్పులు విప్పి లోపలికి వచ్చాడు. గరిటెల పక్కన నేను కాస్త చోటు ఉంచాను, కావాలనే. నాది మంచి బుద్ధి కాదులెండి. ఆయన ఆ చోటు చూశాడు. చూసి, వంగి, కత్తినీ కత్తెరనీ కాస్త జరిపి, వాటి మధ్య పెట్టెని పెట్టాడు. బొట్టు తను పెట్టొచ్చా అని అడిగాడు.

చాప్‌స్టిక్‌లు ఇప్పుడు నేనిచ్చిన పెరుగు డబ్బాలో ఉంటాయి. పెట్టె గోడ మీదే ఉంది, అందులో ఎవరూ ఏమీ పెట్టరు.